రెండో పెట్టె

శనివారం సాయంత్రం ఆ ఇంటి గుమ్మంలో పెట్టె దిగిందంటే సందడే సందడి. పెట్టె నిండా రంగురంగుల కూల్‌డ్రింకు సీసాలు. వాటిని తయారుచేసే కంపెనీ తన పనివాళ్ళకు వారం వారం ఉచితంగా ఇచ్చేవి. "ఊరికే వస్తే ఎందుకు కాదనాలి?" అంటూ అందరికంటే ముందు అత్తగారే ఓ సీసా అందుకునేది. చుట్టుపక్కలవాళ్ళు కుళ్ళుకునేవారు. ఆ తీపి ఎవరి నోట్లో ఏం చేస్తోందో మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ ఇంటి కోడలిది కంపెనీలో సీసాలు చూసే పని. వెలుగుతున్న గాజుపలక ముందు కూర్చుంటే, కడిగిన సీసాలు వరసగా కదిలిపోతుంటాయి. మచ్చగానీ పగులుగానీ కనిపించిందా, ఆమె చెయ్యి ఆ సీసాను చటుక్కున లాగేస్తుంది. అందుకే తోటివాళ్ళు డేగకళ్ళమ్మ అని పిలిచేవారు.

ఈ మధ్య కంపెనీలో మనుషులు నిలవడం లేదు. ఒకరి వెనక ఒకరు బిస్కెట్ల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతున్నారు. యజమాని తల పట్టుకుని ఆలోచించి, ఒక పెట్టెను రెండు పెట్టెలు చేశాడు. అయినా వెళ్ళేవాళ్ళు వెళుతూనే ఉన్నారు.

అంతలో బడి నుంచి తరగతి ఫోటో వచ్చింది. పిల్లలంతా పళ్ళికిలిస్తుంటే, డేగకళ్ళమ్మ కూతురు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల్లి ఆ పిల్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టి నోరు తెరవమంది. ముందు పళ్ళ మీద నల్లటి గుంటలు! సీసా మీద నలకను వదలని మనిషి, కన్నబిడ్డ నోరు ఇన్నాళ్ళూ చూసుకోలేదు. దీపం కింద చీకటంటే ఇదే కదా! ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

సోమవారం కూతుర్నీ రెండు పెట్టెల్నీ వెంటబెట్టుకుని యజమాని గదికి వెళ్ళింది.

"ఇవి మీ దగ్గరే ఉంచుకోండి సార్. నేను బిస్కెట్ల ఫ్యాక్టరీకి పోతున్నా."

"నేనేం తక్కువ చేశానమ్మా? వాళ్ళు మూడు పెట్టెలిస్తున్నారా?"

"ఇంటిల్లిపాదినీ పళ్ళ డాక్టరుకు చూపిస్తున్నారు సార్." కూతురి వైపు తిరిగింది. "చెయ్యి తియ్యి తల్లీ."

యజమాని చూశాడు.

"ఇదంతా నా సీసాల పనేనా?" అన్నాడు.

"ఇచ్చింది మీరు, తాగించింది నేను. ఇద్దరి తప్పూ ఉంది సార్."

"ఒక్క నెల ఆగమ్మా, ఏదో ఒకటి చేద్దాం."

"నేను ఆగినా పిప్పిపళ్ళు ఆగవు సార్."

అతను కారు తాళాలు తీసుకుని లేచాడు. "అయితే ఇప్పుడే పదండి."

ఆ తర్వాత కంపెనీలో పెట్టెలు ఆగిపోయాయి. పనివాళ్ళ కుటుంబాలన్నిటికీ పళ్ళ వైద్యం మొదలైంది. డాక్టరు కంపెనీ భోజనశాలకే వచ్చిన రోజున, అత్తగారు కొత్త పళ్ళసెట్టు పెట్టుకుని టకటకలాడించి, "ఇక కోడల్ని కొరకొచ్చు!" అంది. పిల్ల పకపకా నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచేపోయింది. గదంతా ఆ నవ్వు వైపే తిరిగింది. రోజంతా వెలుతురు ముందు కూర్చునే డేగకళ్ళమ్మ, ఇలాంటి వెలుగు ఎన్నడూ చూడనట్టు కదలకుండా నిలబడిపోయింది. ఆమె బిస్కెట్ల ఫ్యాక్టరీ మాట మళ్ళీ ఎత్తలేదు.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "నా గోదాములో మిగిలింది పంచి, మీకు మేలు చేస్తున్నానని మురిసిపోయాను. మీ ఇంట్లో ఏది తక్కువైందో అడిగి ఇచ్చేదే మేలు. నేను ఆ ఒక్క మాట అడగడానికి ఈ పిల్ల నోరు తెరవాల్సి వచ్చింది."