కట్టకు పెట్టిన గడువు

పనికి గడువు పెట్టడంలో వరదానం తర్వాతే ఎవరైనా అని నర్సీపట్నంలో పేరు. ఆ పేరే కొండబాబు కొంప ముంచింది.

డెబ్బై తొమ్మిది వేసవిలో బలిఘట్టం ఎగువన, కొండల నుంచి పారే గెడ్డకు అడ్డంగా కొత్త రాతికట్ట కట్టించే సూపర్‌వైజరు వరదానమే. ఆఫీసు గోడకు పెద్ద చార్టు అంటించాడు. పునాది ఎప్పటికి, గోడ ఎప్పటికి, తలుపులు ఎప్పటికి, అన్నీ రంగు పెన్సిళ్లతో గీశాడు. ఎంతైనా మిషన్ చర్చి బిడ్డ కదా, గుడ్ ఫ్రైడేకీ ఈస్టరుకీ సెలవు కూడా వదిలాడు. తొలకరికి ముందే కట్ట లేవాలి. రాయి బేగి దొరకాలంటే పాత కట్టను ముందే విప్పి ఆ రాయే వాడాలని ఆయన ఎత్తు.

కట్ట కింద మొదటి పొలం కొండబాబుది. కొత్తది లేచేదాకా పాతదాన్ని ఉంచకూడదా అని నసిగాడు. వరదానం అతన్ని చార్టు ముందు నిలబెట్టి, వానకంటే ముందే పని అయిపోతుంది, పూచీ నాది అన్నాడు. చదువుకున్నాయన మాటకు ఎదురేముంది? పాత కట్ట విప్పేశారు.

చైత్రం వచ్చింది. ఒక ఉదయం కట్ట దగ్గర ఒక్క గునపం చప్పుడు లేదు. రాళ్లు మోసే కూలీలంతా కృష్ణదేవిపేట దాటాక వచ్చే కొండల వాళ్లు. ఇటికల పండుగకు వెళ్లిపోయారు. ఆ పండుగకు మగవాళ్లు వేటకు పోతారు. జంతువు పడకుండా ఊళ్లోకి వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు. వరదానం జీపులో కొండెక్కి, మేస్త్రీ సోములును పట్టుకుని, ఎప్పుడొస్తారని నిలదీశాడు.

“ఏట పడితే వత్తాం బాబూ. ఎప్పుడు పడద్దో ఎవులు సెప్పగల్రు?”

“మరి ముందే సెప్పాలి కదేటి?”

“తవరికి తెలీదనుకోనేదు బాబూ. ఏటేటా వచ్చీదే కదా.”

నిజమే. వరదానం పుట్టి పెరిగింది ఇక్కడే. ఏటా పండుగనాళ్లలో దారికి కర్ర అడ్డం పెట్టి పండుగ డబ్బులడిగే ఆడవాళ్లకు చిల్లర ఇచ్చినవాడే. చార్టు గీసేటప్పుడు మాత్రం తన పండుగలే గుర్తొచ్చాయి. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

పల్లపు ఊళ్లలో కూలీల కోసం కాళ్లరిగేలా తిరిగాడు. జీడితోటల్లో పిక్కలేరే రోజులు, ఎవరూ రాలేదు. వాన ఆపమని దేవుణ్ణి అడిగాడు. రైతుల కడుపు కొట్టే ప్రార్థన అని తెలిసీ అడిగాడు.

ఆ ఏడు వాన ముందే, కూలీలు తిరిగి రాకుండానే దిగింది. అడ్డు లేని గెడ్డ కొండబాబు పొలం మీద పడి మోకాటి లోతు ఇసుక మేట వేసింది. అందులో ఇక వరి పండదు.

వరదానం వెళ్లేసరికి కొండబాబు ఆ ఇసుకలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేచి, భుజం మీది తువ్వాలు తీసి నమస్కారం పెట్టాడు.

“మరెప్పటికవుద్దండి, సూపర్‌వైజరు గారూ? తవరొక తేదీ సెప్తే దాన్ని పట్టుకునుంటాం.”

పని ఆపేయమని పైఆఫీసు ఉత్తర్వు ఆ పొద్దున్నే వచ్చింది. అది చెప్పడానికే వచ్చాడు వరదానం.

“వచ్చే ఏసవికండి,” అన్నాడు.

కొండబాబు ముఖం తేటపడింది. అంతకంటే ఆ మనిషి తనను చెప్పుతో కొట్టినా బాగుండేదనిపించింది వరదానానికి.