టైపిస్టు కాంతమ్మ కుడిచెయ్యి

గద్వాల మండలాఫీసులో టైపు మిషను చప్పుడు వినపడలేదంటే కాంతమ్మ సెలవు పెట్టిందని వరండాలో కూర్చున్న రైతులకు కూడా తెలిసిపోయేది. నేతపని వాళ్ళ వీధిలో పుట్టి, మగ్గం పక్కనే కూర్చుని చదువుకుని, సర్కారు కొలువు తెచ్చుకున్న మనిషి ఆమె. తెలుగు, ఇంగ్లీషు రెండు టైపుల్లోనూ హయ్యర్ పాసైంది. చిత్తుప్రతి మీద నుంచి చూపు తిప్పకుండా, పక్క సీటు వాళ్ళడిగిన దానికి జవాబు చెబుతూనే తప్పు పడకుండా కొట్టేది. ఎంతోమంది ఆఫీసర్లు వచ్చి పోయారు గాని, కిటికీ పక్కన ఆమె, ఆమె మిషను అట్లాగే ఉండిపోయారు.

రెండువేల అయిదో సంవత్సరం వానాకాలంలో ఆఫీసుకు కంప్యూటర్లు దిగాయి. వాటి వెనకాలే ఒక ఉత్తర్వు వచ్చింది. టైపిస్టులుగా కొనసాగాలనుకునేవాళ్ళు వర్డ్ ప్రాసెసింగ్ సర్టిఫికెట్ పరీక్ష పాసు కావాలి. పరీక్ష వనపర్తిలో. మిషనును బీరువా వెనక్కి నెడుతుంటే ఆఫీసులో అందరూ కాంతమ్మ ముఖం చూశారు. ఆమె నవ్వింది.

"మిషను మారింది గాని అక్షరాలు మారలె గద సార్. నేర్సుకుంట తియ్యుండ్రి" అంది.

ఆ మాట ధైర్యం కోసం అన్నది కాదు. నిజంగానే ఆమెకు భయం లేదు.

పాత బస్టాండు దగ్గర జిరాక్సు షాపు మీద మేడ గదిలో ఒక కంప్యూటర్ సెంటరు ఉండేది. అక్కడ నేర్పే పిల్ల స్వరూప. డిగ్రీ అయిపోయి, రోజూ మల్దకల్ నుంచి బస్సులో వచ్చిపోయేది. ఆఫీసు కాగానే కాంతమ్మ టిఫిను డబ్బా సంచితోనే ఆ మెట్లెక్కేది. తనకంటే సగం వయసు పిల్ల ముందు కూర్చుని నేర్చుకోవడానికి ఆమె ఏమాత్రం నామోషీ పడలేదు. మార్జిన్లు పెట్టడం, గడులు గీయడం, పేజీల మీద నంబర్లు వేయడం చకచకా వచ్చేశాయి. రాసిన పేరాను ఎత్తి ఇంకోచోట పెట్టొచ్చని చూసిననాడు ఆమె నోటి మీద చెయ్యేసుకుంది. ఒకే నోటీసును ఎన్ని పేర్లకైనా విడివిడిగా అచ్చు వేయొచ్చని స్వరూప చేసి చూపించినప్పుడైతే కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"కరువొచ్చిన యేడు ఊరూరికీ నోటీసులు కొట్టిన బిడ్డా. మజ్జెల కార్బన్లు పెట్టి, బుజాలు వడిపోయేదంక కొట్టిన. గిదుంటే ఒక్క గంట పని గదనే!"

"మీరు నాకంటె జల్ది నేర్సుకుంటున్రు మేడం. పరీక్ష మీకు లెక్కనే గాదు" అనేది స్వరూప.

కష్టమంతా వేగంగా కొట్టే అభ్యాసంలో వచ్చింది. కాంతమ్మ 'మ' కొడితే తెర మీద నాలుగు మలు పడేవి. గ్రామం అనే మాట దారం తెగిన పూసల్లా సాగిపోయేది. వెనక్కి తుడిచి మళ్ళీ కొడితే ఇంకో అక్షరం అట్లాగే పరుగెత్తేది. కుడిచేతి వేళ్ళ కిందే ఎక్కువగా ఇట్లా అయ్యేది. మీటలు పాడయ్యాయని ఆమె సీటు మార్చుకుంది. అక్కడా అంతే. స్వరూప కొత్త కీబోర్డు తెచ్చి తగిలించింది. అదీ అంతే.

టైపు మిషను మీద వేలు ఎంతసేపు ఆనించినా పడేది ఒక్క అక్షరమే. పైగా బలంగా కొట్టాలి. ఆ దెబ్బలో వేలిలోని చిన్న అదురు ఎవరికీ కనబడేది కాదు, కొట్టేవాళ్ళకు కూడా. ఈ మీటలు తేలిక. వేలు ఒక్క క్షణం ఆగినా, అదిరినా తెర మీద రాసి చూపిస్తాయి. కొన్నాళ్ళుగా తాను చాయ్ గ్లాసును ఎడమచేత్తో పట్టుకుంటోందని కాంతమ్మకు తెలుసు. ఎందుకని మాత్రం తనను తాను అడగలేదు.

ఒకరోజు సాయంత్రం ఆమె వెళ్ళేసరికి స్వరూప కాంతమ్మ కూర్చునే కంప్యూటరు ముందు వంగి ఏదో సర్దుతోంది. "ఇప్పుడు కొట్టి చూడుండ్రి మేడం" అంది లేస్తూ. కాంతమ్మ కొట్టింది. అక్షరం వెంట అక్షరం, పాతరోజుల్లో లాగా వరస తప్పకుండా పడింది. పేజీ నిండిపోయింది. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి నవ్వింది.

"నే జెప్తి సూడు! మిషన్దే తప్పు."

స్వరూప తలూపి పక్క పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

కాంతమ్మ భర్త బుచ్చన్న నేతగాడు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక వంటిల్లు. పిల్లలు కలగలేదు. ఇంట్లో వాళ్ళిద్దరే. అతను మాట్లాడడం తక్కువ. పట్టు అంచు నేసేటప్పుడు పలకరించినా జవాబు ఆలస్యంగా వచ్చేది. భార్య కొలువు అతనికి గొప్ప. కొత్త చీర మొదలుపెడితే రంగు ఆమెనే అడిగేవాడు.

ఒక ఆదివారం మగ్గం మీద పోగు తెగింది. బుచ్చన్న కాళ్ళు గుంటలో ఉన్నాయి. కాంతమ్మ పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది.

"జర ఆ పోగు అతుకు" అన్నాడు.

పోగు అతకడం ఆమెకు చిన్నప్పటి పని. కళ్ళు మూసుకుని చేసేది. ఆ రోజు రెండు కొసలూ కలవలేదు. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారింది. మళ్ళీ ప్రయత్నించింది. మూడోసారి బుచ్చన్న ముందుకు వంగి తానే అతికాడు. అతికాక కూడా మగ్గం ఆడించలేదు. అతను ఆమె ఒళ్ళో ఉన్న కుడిచేతి వైపు చూశాడు. బొటనవేలు చూపుడువేలిని రుద్దుతూనే ఉంది, కనపడని దారం కొసను మెలిపెడుతున్నట్టు.

"ఇన్నాళ్ళు పుట్టింటి అలవాటనుకున్న" అన్నాడు మెల్లగా. "ఊకె కూసున్నా పోగు మెలేస్తదనుకున్న. నిద్రవోతే ఆగుతది కాంతా. లేస్తే మల్ల మొదలైతది."

కాంతమ్మ చెయ్యిని కొంగు కింద పెట్టుకుంది. "నిద్రల నా చెయ్యి సూస్తుంటివా?"

"సూస్తుంటి. ఎల్లుండి కర్నూలు పోదం. దవాఖానల సూపెట్టుకుందం."

"పరీక్ష కానీ. పరీక్ష అయినంక యాడికంటె ఆడికి వస్త."

అతను పట్టుపట్టలేదు. తర్వాత చాలా రోజులు దాని గురించి బాధపడ్డాడు.

పరీక్ష నాడు బుచ్చన్న మగ్గం మీద గుడ్డ కప్పి ఆమె వెంట బయల్దేరాడు. వద్దన్నా వినలేదు. బీచుపల్లి వంతెన మీదికి బస్సు ఎక్కగానే ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. ఆమె పెట్టలేదు. కుడిచెయ్యిని ఎడమచేతి కింద నొక్కి పట్టుకుని, మనసులో ఉత్తరం నమూనా వల్లించుకుంటోంది.

హాలులో ఆమెకు మధ్య వరసలో చోటు దొరికింది. చుట్టూ అంతా పిల్లలు. ప్రశ్నపత్రం చూడగానే ప్రాణం లేచొచ్చింది. అన్నీ తెలిసినవే. ఒక అధికారి ఉత్తరం, ఒక పట్టిక, నోటీసు. గంట కొట్టగానే మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే అక్షరాలు పరుగెత్తాయి.

ఆమెకు ఒక్కక్షణం అర్థం కాలేదు. సెంటరులో ఈమధ్య ఇట్లా కాలేదు కదా. పర్యవేక్షకుణ్ణి పిలిచి మీట అంటుకుంటోందని చెప్పింది. ఆయన మర్యాదగానే వచ్చి నిలబడి రెండు మాటలు కొట్టి చూశాడు. ముత్యాల్లా పడ్డాయి. "బాగానే ఉందమ్మా" అని వెళ్ళిపోయాడు. తెర మీద ఆయన కొట్టిన ఆ రెండు మాటల వైపే చూస్తూ ఉండిపోయింది కాంతమ్మ. స్వరూప ఆ సాయంత్రం వంగి సర్దింది ఏమిటో అప్పుడు తెలిసింది. తెలిశాక చెయ్యి ఇంకా ఎక్కువ వణికింది.

అదనపు అక్షరాలు చెరపడానికి తుడిచే మీట మీద వేలు పెట్టింది. ఆ వేలూ ఆగలేదు. తప్పుతో పాటు మంచి మాటా పోయింది. మాట వెనక వాక్యం, వాక్యం వెనక తేదీ, చిరునామా కూడా వెనక్కి వెనక్కి మాయమయ్యాయి. కళ్ళ ముందు తెల్లటి పేజీ మిగిలింది. ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరం మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. పక్కన ఒక పిల్ల పట్టిక కూడా పూర్తిచేసి గాజులు సర్దుకుంటోంది. గంట కొట్టేసరికి కాంతమ్మ ఉత్తరం సగంలో ఉంది.

బయట గోడ నీడలో బుచ్చన్న చద్దిమూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే లేచాడు.

"ఎట్ల రాసినవ్?"

"రాసింది రాసినట్టు తుడుసుకున్న" అంది. తర్వాత రోడ్డు మీదే, పోయేవాళ్ళు చూస్తుండగా ఏడ్చింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె అట్లా ఏడవడం బుచ్చన్న చూడలేదు. ఏం చేయాలో తెలియక కండువా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు సాయంత్రం స్వరూప కాంతమ్మ ఇంటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"మేడం, అక్షరం మల్ల మల్ల వడకుంట సెట్టింగు మార్చిన. పరీక్ష కాడ గట్ల మార్సనియ్యరని నాకు తెల్సు. మా తాతకు గిట్లనే ఉండె. మీ చెయ్యి చూస్తనే తెల్సింది."

"మరెందుకు చెప్పలె?"

"చెప్పాలనే అనుకున్న. మీరు చప్పట్లు కొట్టి నవ్విండ్రు. ఇగ నోరు రాలె."

కాంతమ్మ లోపలికి రమ్మనలేదు. కూర్చోమని కూడా అనలేదు. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ బస్సుకు వెళ్ళిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగాక గాని కాంతమ్మకు తట్టలేదు, ఆ పిల్ల మల్దకల్ నుంచి సెలవు రోజున ఈ ఒక్క మాట కోసమే వచ్చిందని. ఎవరినైనా పంపి పిలిపిద్దామనుకుంది. కోపం ఇంకా తగ్గలేదు. పంపలేదు.

కర్నూలులో పెద్ద డాక్టరు ఆమెను నడిపించి చూశాడు, వేళ్ళు ఆడించమన్నాడు, కాగితం మీద పేరు రాయమన్నాడు. పేరు పోనుపోను సన్నబడి చీమల బారులా అయింది. నరాల జబ్బు అన్నాడు. పూర్తిగా పోయేది కాదు, మాత్రలతో కొంత అదుపులో ఉంటుంది, మెల్లగా పెరుగుతుంది. ఎప్పటి నుంచి అని అడిగితే ఆమె తెల్వదంది. "యేడాది దాటింది సార్" అన్నాడు బుచ్చన్న తల వంచుకుని.

తిరుగు బస్సులో అతను "అప్పుడే గుంజుకొస్తే బాగుండు" అన్నాడు. "నిద్రల చూసుకుంట కూసున్న గాని, నోరిప్పి అడగకపోతి."

"అడిగితే మాత్రం వస్తుంటినా?" అంది కాంతమ్మ. ఆ మాట నిజమని ఇద్దరికీ తెలుసు. అయినా అతనికి ఊరట కలగలేదు.

ఫలితం వచ్చింది. తప్పింది. ఎమ్మార్వో మంచివాడు. ఇంకో అవకాశం ఉందనీ, మాత్రలు వాడుతూ మళ్ళీ రాయమనీ చెప్పాడు. మాత్రలతో పొద్దున పూట చెయ్యి కొంత నెమ్మదించే మాట నిజమే. కాంతమ్మ రెండు రోజులు ఆలోచించింది.

"వద్దు సార్" అంది చివరికి. "నేను కొట్టిన కాయిదంల తప్పు ఉండొద్దు. తప్పు వడ్తదని తెల్సి ఎట్ల కూసోవాలె? వేరే యేదన్న పని జెప్పుండ్రి."

ఆమె సీటులోకి రాకేష్ అనే కుర్రవాడు వచ్చాడు. ఆమెను అర్జీలు తీసుకునే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మొదట్లో రాకేష్ కొడుతుంటే ఆమె చెవి అటే పోయేది. చప్పుడు లేని మీటలు, ఆగి ఆగి కొట్టే వేళ్ళు. ఒకసారి లేచి వెళ్ళి, ఒకే నోటీసును అన్ని పేర్లకూ ఎట్లా వేయాలో నోటితో చెప్పింది. చేసి చూపించలేదు. అతను "అరె, గిదెట్ల తెల్సు మేడం మీకు?" అన్నాడు. ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఆ దీపావళికి మల్దకల్ పోయే బస్సెక్కి స్వరూప ఇంటికి పోయింది. పిల్లకు పెళ్ళి కుదిరి నారాయణపేటకు అత్తగారింటికి వెళ్ళిపోయిందట. వాళ్ళమ్మ చాయ్ ఇచ్చింది. ఎడమచేత్తో తాగి, "నేను బాగున్ననని చెప్పుండ్రి. నాకు మనసుల ఏం లేదని చెప్పుండ్రి" అని లేచి వచ్చేసింది. ఆ మాట చేరిందో లేదో ఆమెకు తెలియదు.

బుచ్చన్న మాత్రం మారాడు. మునుపు మగ్గం మీద నోరిప్పనివాడు ఇప్పుడు మాట్లాడుతూ నేస్తున్నాడు. ఆమె పక్కన కూర్చుని వింటుంది. పోగు తెగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

మే నెలలో ఒక మధ్యాహ్నం, రాళ్ళు పగిలే ఎండలో, తిమ్మాజిపేటలో కూతురింట్లో ఉండి వచ్చిన ముసలామె ఒకతె పింఛను అర్జీ పట్టుకుని బల్ల ముందు నిలబడింది. పేరు దేవమ్మ. కాగితం అందుకోబోయి కాంతమ్మ చెయ్యి గాలిలో ఊగింది. ముసలామె వింతగా చూసింది.

"ఇంత ఎండల సలివెడ్తుందా బిడ్డా?"

పక్క సీట్లలో వాళ్ళు తలలు ఎత్తారు. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ నోటితో అనని సంగతి. కాంతమ్మ చెయ్యిని కొంగు కిందికి లాక్కోబోయి ఆగింది.

"సలి గాదమ్మా. రోగం. వణుకుడు రోగం."

"అయ్యో" అంది దేవమ్మ. కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఆ వణికే చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు పట్టుకుంది. కాంతమ్మ లాక్కోలేదు. వరండాలో వెనక నిలబడ్డవాళ్ళు ఓపికగా ఎదురుచూశారు.