ఎనిమిదో తరగతికి తాళం

చీర సగం నేసి ఉండగా బడి నుంచి ఫోన్ వచ్చింది. కూతురు జ్యోతిక కళ్లు తిరిగి పడిపోయిందట. దేవసేన మగ్గం గుంటలోంచి లేచి, తల కూడా దువ్వుకోకుండా పరుగెత్తింది.

పిల్ల వరండాలో పడుకొని ఉంది. పెదాలు ఎండి చీలిపోయాయి. రెండు రోజులుగా బడిలో చుక్క నీళ్లు తాగలేదు. తాగితే వెళ్లాలి కదా! ఎవరో కుళాయి విరగ్గొట్టారని, ఆ పేరు చెప్పేదాకా ఎనిమిదో తరగతి ఆడపిల్లలందరికీ మరుగుదొడ్డికి తాళం వేశారు. అత్త మీద కోపం దుత్త మీద! ఏం న్యాయమో ఏం పాడో.

"నా బిడ్డ ఏం తప్పు చేసింది టీచర్?" అంది దేవసేన, ఆ తమిళనాడు బడిలో నడిచే తమిళంలో.

లక్ష్మీప్రియ టీచరు చెడ్డదేమీ కాదు. పిల్లకు గ్లూకోజు కలిపిచ్చింది కూడా ఆమే. "పేరు చెప్పమనండమ్మా, ఈ నిమిషమే తీస్తా. పైవాళ్లు నన్ను అడుగుతారు" అంది.

దేవసేన పిల్లను ఇంట్లో పడుకోబెట్టి, సాలె వీధికి పెద్ద అయిన ధర్మలింగం దగ్గరికి పోయింది.

"మామా, నువ్వొచ్చి ఒక మాట చెప్పు."

"ఏం చెప్పేదే? పోయిన అమాసకు, మగ్గం ముట్టకూడని నాడు, ఎవడో దొంగగా మగ్గం ఆడించినాడని వీధి మగ్గాలన్నీ నిలిపేస్తిమే! పేరు బయటికి వచ్చిందా, లేదా?"

దేవసేన వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. మగ్గాలు నిలిపినప్పుడు ఆమెకూ అది న్యాయంగానే తోచింది.

ఆ సాయంత్రం కూతురి పక్కన కూచుంది. "ఎవురే ఇరగ్గొట్టింది?"

"నాకు తెలీదు మా."

"మీ క్లాసు చందన అని చెప్పేయ్. దానికి అమ్మ లేదు. సండకూ కొట్లాటకూ వచ్చేవాళ్లు ఎవురూ లేరు."

ఆ మాట ఎవరైనా విన్నారేమోనని దేవసేన గుమ్మం వైపు చూసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. కన్న కడుపు!

"అది నా పక్కనే కూసోని ఉన్నింది మా. అది చేయలా."

"నీకెందుకే ఊరి పీడ? ఒక్క పేరు, అంతే. తాళం తీసేస్తారు."

"నేను చెప్పను."

మరునాడు జ్యోతిక నీళ్ల సీసా పొయ్యి గట్టు మీదే వదిలి బడికి బయలుదేరింది. దేవసేన సీసా పట్టుకొని వీధి చివరిదాకా వెంటపడి పోయింది. తీరా పిల్ల ఆగి వెనక్కి తిరిగితే, తాగమని చెప్పాలో వద్దని చెప్పాలో ఆ తల్లికి తెలియలేదు.