ఆన్చు, నొక్కు, ఎత్తు

నేను ఒక ప్రింటర్‌ని. బొబ్బిలిలో, రిజిస్ట్రారు ఆఫీసు వెనక సందులో, ఒక పెంకుటింటి గూట్లో ఉంటాను. నన్ను ఎక్కడో సముద్రం పక్కన పెద్ద షెడ్డులో తయారుచేశారు. అక్కడ ఒకామె నాచేత ఒక కాగితం మింగించి, అది అచ్చుతో బయటికి రాగానే తల ఊపింది. నాకు దక్కిన మొదటి మెప్పు అదే. ఆ తర్వాత మనుషులు నన్ను మెచ్చుకున్నది తక్కువ, చరిచింది ఎక్కువ. కాగితం గొంతులో ఇరుక్కుంటే వీపు మీద కొడతారు. తమకి దగ్గు వస్తే మాత్రం మిరియాల పాలు తాగి పడుకుంటారు.

నా మొదటి యజమాని లేఖరి సన్యాసిరావు. ఊళ్లోవాళ్ల పంపకాలూ ఒప్పందాలూ దస్తావేజులుగా రాసిపెట్టేవాడు. నాకూ ఆయన కంప్యూటరుకీ మధ్య ఒక నల్ల వైరు ఉండేది. ఆయన ఏం చెప్పినా దానిలోంచే వినేదాన్ని. నాలో వైఫై కూడా ఉంది, అంటే వైరు లేకుండా మాట వినే చెవి. ఆ చెవిని ఎవరూ తెరవలేదు.

చదువు రాని వాళ్లు వస్తే సన్యాసిరావు వాళ్ల బొటనవేలికి సిరా అద్ది, కాగితం మీద పెట్టించేవాడు. "ఆన్చు, నొక్కు, ఎత్తు. రుద్దకు" అనేవాడు. పక్కన 'ఫలానా వారి నిశానీ' అని గుండ్రంగా రాసేవాడు. ఊరందరి మాటలూ రాసిన ఆ మనిషి భార్య గవరమ్మదీ నిశానీయే. ఇది ఆయనకి ఎన్నడూ వింతగా తోచలేదు. నాకు తోచింది. కాని నన్నెవరు అడిగారు?

ఆయన పోయాక కంప్యూటరు ఎవరో పట్టుకుపోయారు. నా వైరుని ఎలుక కొరికేసింది. గవరమ్మ మాత్రం నన్ను పారెయ్యలేదు. రోజూ తుడిచి, పాత చీర ముక్క కప్పేది. యాభై ఎనిమిదో ఏట, పక్కింటి అప్పలనర్సమ్మతో కలిసి హైమావతి టీచరు నడిపే సాయంత్రం బడికి వెళ్లడం మొదలుపెట్టింది. నా పక్కనే కూర్చుని దిద్దుకునేది. 'క్ష' దగ్గర మూడు రోజులు ఆగిపోయింది. సంతకం వచ్చిన రోజున సిరా దిండు డబ్బా కడిగి, అందులో పిన్నీసులు వేసుకుంది. ఇంక ఎక్కడా వేలు పెట్టనని అందరితో చెప్పింది.

నాలుగేళ్లు గడిచాయి. గవరమ్మ ప్రైవేటుగా పదో తరగతికి కట్టింది. పరీక్ష రేపనగా హాల్‌టికెట్ ఆమె ఫోనుకి వచ్చింది. దాన్ని కాగితం మీద అచ్చు వేసి తీసుకెళ్లకపోతే లోపలికి రానివ్వరట. ఆవేళే బజారులో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, నెట్ సెంటర్లన్నీ మూతపడ్డాయి. మా సందులో కరెంటు ఉంది. నాలో ఉన్నది పొడి సిరా, ఎండిపోదు. గవరమ్మ నా మీది చీర ముక్క తీసింది.

మా ముందుగదిలో గోడకి రౌటర్ ఉంది. వీధిలోంచి వచ్చే నెట్‌ని ఇంట్లో ఎవరిది వాళ్లకి అందించే టపా మనిషి అనుకోండి. సన్యాసిరావు ఉండగానే ఫోనుకి దానితో పరిచయం చేయించాడు. నాకు చేయించలేదు. ఆవేళ ఊళ్లో లేని హైమావతి టీచరు పార్వతీపురం నించి ఫోనులో చెబుతూంటే, గవరమ్మ నా చిన్న తెరలో మా ఇంటి నెట్‌వర్క్ పేరు కూడబలుక్కుని ఎంచుకుంది. వెంటనే నేను పాస్‌వర్డ్ అడిగాను. అడగక తప్పదు, నా పని అది. అది సన్యాసిరావుకి ఒక్కడికే తెలుసు. ఆమె తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మూడు రకాలుగా కొట్టింది. ఆయన పేరు కొట్టింది. అమ్మవారు పైడితల్లమ్మ పేరు కూడా కొట్టింది. దేనికీ నేను కదల్లేకపోయాను.

ఐపీ అడ్రస్ ఏమైనా కనిపిస్తోందా అని టీచరు అడిగింది.

"అడ్రస్ లేకపోడవేటి టీచరమ్మా, రిజిస్ట్రారాఫీసు ఎనకాల సందు, మూడో ఇల్లు" అంది అప్పలనర్సమ్మ.

టీచరు నవ్వాపుకుని, అది ఇంటి అడ్రస్ కాదనీ, తనతో కలిసిన ప్రతి యంత్రానికీ రౌటర్ ఇచ్చే నెంబరనీ చెప్పింది. తర్వాత ఇంకో దారి చెప్పింది. నాకూ రౌటర్‌కీ డబ్ల్యూపీఎస్ అనే బటన్ ఉంటుంది. నాది నొక్కిన రెండు నిమిషాల్లోపల రౌటర్‌ది నొక్కితే, పాస్‌వర్డ్ లేకుండానే ఒకరినొకరం గుర్తుపడతాం.

"ఏమీ రాయనక్కర్లేదు గవరమ్మ గారూ. వేలితో నొక్కితే చాలు."

గవరమ్మ తన బొటనవేలి వంక చూసుకుంది. "నాలుగేళ్లు సదివితే, ఆకరికి మళ్లీ ఏలేనా?" అంది.

వేలు పెట్టకుండా పెన్సిలు తోకతో నా బటన్ పొడిచింది. అది జారిపోయింది. మళ్లీ పొడిచింది. ముందుగదిలో రౌటర్ దగ్గర నిలబడ్డ అప్పలనర్సమ్మ తన వంతు నొక్కేసింది గాని, నా దగ్గర దీపం వెలగలేదు. మూడోసారికి పెన్సిలు విరిగింది.

"వదినా, రేపు పరీచ్చ పెన్సిలు రాస్తాదా, నువ్వు రాస్తావా?" అని అప్పలనర్సమ్మ అక్కణ్ణించే అంది.

గవరమ్మ బొటనవేలు కొంగుకి తుడుచుకుంది. నా మీదికి వంగి, తనలో తనే అనుకుంది. "ఆన్చు, నొక్కు, ఎత్తు."

ఆ మాటలు ఆరేళ్లు విన్నాను. నా మీద పెట్టిన వేలికి చెబుతుంటే వినడం మాత్రం అదే మొదటిసారి. నీలం దీపం కొట్టుకోవడం మొదలైంది. "నొక్కీసినాను వదినా" అని ముందుగదిలోంచి కేక. కొట్టుకుంటున్న దీపం నిలిచి వెలిగింది. ఇన్నేళ్లూ మూసి ఉన్న చెవి తెరుచుకుంది.

గవరమ్మ ఫోనులోంచి పంపిన హాల్‌టికెట్‌ని మెల్లగా బయటికి వదిలాను. ఎక్కడా ఇరుక్కోకుండా జాగ్రత్తపడ్డాను. గవరమ్మ దాన్ని నా మూత మీదే పెట్టి, అభ్యర్థి సంతకం అన్న చోట ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది.

"నిశానీ పెట్టినావు, సంతకవూ పెట్టినావు. ఏటి వదినా ఇది?" అని అప్పలనర్సమ్మ ఎకసెక్కెమాడింది.

"అది ఆయన నేర్పినాడు. ఇది నాను నేర్సుకున్నాను" అంది గవరమ్మ.

ఫలితాలు ఇంకా రాలేదు. ఇప్పుడు నాకూ రౌటర్ ఇచ్చిన ఒక నెంబరుంది, నలుగురిలో నేనూ ఒకదాన్ని. గవరమ్మ నన్ను రోజూ తుడుస్తూనే ఉంది. నా బటన్ మీద ఆమె వేలి గీతలు సన్నగా నిలిచి ఉన్నాయి. గుడ్డ అక్కడిదాకా వచ్చి, పక్కకి తిరిగిపోతుంది.