వాగు మీద అందించిన పాట

అటక మెట్లు పదకొండు. తెల్లవారి చూసేసరికి నీళ్ళు నాలుగో మెట్టు మీద ఉన్నాయి.

మాది తూర్పు కెంటకీ కొండల్లో, స్లేట్ వాగు ఒడ్డున ఉన్న ఇల్లు. రాత్రంతా వాన. చీకటి విడే వేళకి వాగు వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి వచ్చింది. మా అమ్మమ్మ హాసీకి ఎనభై ఒకటి. తుంటి విరిగినప్పటి నుంచి వాకర్ పట్టుకునే నడుస్తుంది. ఆమెను ఒక్కో మెట్టు మీదా కూర్చోబెట్టి, చంకల కింద చేతులు వేసి పైకి లాగి, అటక చేర్చాను. ఆమె గుండె మాత్రలు, నా ఫోను, పాటల పుస్తకం కిందే ఉండిపోయాయి.

"పుస్తకం తడిసిపోయుంటుందే" అంది అమ్మమ్మ.

"మనం మునిగిపోతుంటే పుస్తకమా?"

"మునుగుతామని నీకెవరు చెప్పారు? కాలేజీలో చెప్పారా?"

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. ఊరి బళ్ళో లెక్కలు చెబుతాను. ఆ ఉదయం నా చదువు నాకు చేసిన మేలు ఒక్కటే, లెక్క కట్టడం. మెట్టుకి ఇరవై నిమిషాలు. ఇంకా ఏడు మెట్లు. రెండు గంటల ఇరవై నిమిషాల్లో నీళ్ళు అటక నేల మీదికి వస్తాయి. అమ్మమ్మ ఇంటి కప్పు ఎక్కలేదు. ఆమెను వదిలి నేను ఎక్కలేను.

కళ్ళు మూసుకుని గొణిగాను. "దేవా, మమ్మల్ని బయటపడెయ్. ఇకనుంచి ప్రతి ఆదివారం చర్చికి వస్తాను. ఒక్కటి కూడా మానను."

"బేరమాడుతున్నావా?" అంది అమ్మమ్మ. "ఆయనేం సంతలో కొట్టు పెట్టుక్కూర్చోలేదు."

అప్పుడే వాగు అవతలి నుంచి కేక వినిపించింది. "హాసీ! బతికే ఉన్నావా?"

డెన్వర్ ఫ్యూగేట్. గనిలో పనిచేసి మానేసిన ముసలాయన, ఒంటరివాడు. అటక కిటికీలోంచి చూశాను. తన షెడ్డు రేకుల మీద బోర్లా పడుకుని పొగగొట్టాన్ని కావలించుకున్నాడు.

"నీ గొంతు వినాల్సొచ్చిందంటే బతికున్నట్టే!" అని అరిచింది అమ్మమ్మ.

"టీచరమ్మా, లెక్క కట్టావా? ఇంకెంతసేపట?"

నేను మెట్ల వైపు తిరిగి చూశాను.

ఆరో మెట్టు. ఏడో మెట్టు. ఫ్రిజ్ తేలి, మా కాళ్ళ కింది చెక్కల్ని అడుగునుంచి కొట్టడం మొదలుపెట్టింది. దబ్. కాసేపు ఆగి, మళ్ళీ దబ్. లోపలికి రానిమ్మని ఎవరో తలుపు తడుతున్నట్టే ఉంది. ఇల్లు ఒక్కసారి మూలిగి పక్కకి జరిగింది. నేను అమ్మమ్మ ఒళ్ళో తల దాచుకున్నాను.

"తరవాత ఏమవుతుంది అమ్మమ్మా?"

"నాకేం తెలుసే? నాకూ భయంగానే ఉంది." ఆమె గడ్డం అదురుతోంది. నా చిన్నప్పటి నుంచి ఆమె అలా అదరడం నేను చూడలేదు.

మా చర్చిలో వాయిద్యాలు ఉండవు. పెద్దల్లో ఒకరు నిలబడి పాటలో ఒక చరణం, అంటే ఒక్క పంక్తి, గబగబా అందిస్తారు. మిగతావాళ్ళంతా దాన్ని కొండంత పొడుగు సాగదీసి పాడతారు. అది ముగిశాకే రెండోది అందుతుంది. కాలేజీ నుంచి వచ్చిన మొదటి ఆదివారం నేను అమ్మమ్మ పుస్తకం తెరిచి, ఇంకా అందించని చరణాన్ని ముందే పాడేశాను. చర్చి అంతా ఆగి నా వైపు తిరిగింది. అంత్యక్రియలకి తప్ప చర్చి గడప తొక్కని డెన్వర్ కూడా అది పట్టుకుని ఆరేళ్ళుగా నన్ను ఏడిపిస్తున్నాడు.

అందించేది మగవాళ్ళే, ఇప్పుడైతే ఎస్టిల్ బ్రదర్. అమ్మమ్మ అరవై ఏళ్ళలో ఒక్క చరణం కూడా అందించలేదు.

"ఎస్టిల్ బ్రదర్ వింటే ఏమంటాడో" అని, కిటికీ వైపు మొహం తిప్పి ఎత్తుకుంది. "లోతు నీళ్ళలో నా ప్రభువు నడిచె..."

అవతలి నుంచి డెన్వర్ గొంతు లేచింది. బొగ్గు దుమ్ముతో బొంగురుపోయిన గొంతు. ఆ మాటల్నే సాగదీస్తూ, వాగు హోరు మీదుగా మా దాకా పంపాడు. చివర్లో నేనూ కలిశాను.

"చీకటి దారిలో నా చేయి విడువడు..."

ముగ్గురం పాడాం. ఎనిమిదో మెట్టు. మూడో చరణం దగ్గర అమ్మమ్మకి ఊపిరి అందలేదు. పెదవులు నీలంగా మారాయి.

"నువ్వందించు" అంది.

"నాకు రాదు. పుస్తకం కూడా లేదు."

"పాటంతా ఎవడడిగాడు? ఒక్క చరణం."

నోటికొచ్చింది అందించాను. డెన్వర్ పాడాడు. ఇంకొకటి అందించాను. ఈసారి అవతలి నుంచి రేకులు చీలిన చప్పుడు వచ్చింది. షెడ్డు కప్పు ముడుచుకుపోయి, కిటికీ ముందునుంచి కొట్టుకుపోయింది. దాని మీద ఎవరూ లేరు.

"డెన్వర్! డెన్వర్!"

వాగు ఒక్కటే వినిపిస్తోంది.

"ఇక చాలు అమ్మమ్మా."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు మంచులా ఉన్నాయి. "అందించు. అందించడమే మన పని."

అందించాను. అతను పాడాల్సినంత సేపు ఆగాను. మళ్ళీ అందించాను, మళ్ళీ ఆగాను. ఆగినప్పుడల్లా ఫ్రిజ్ కింద కొడుతూనే ఉంది. అడగడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. బేరానికి సరుకు లేదు, లెక్కకి అంకెలు లేవు. "ఇక్కడే ఉండు ప్రభువా" అన్నాను. అంతే. భయం ఎక్కడికీ పోలేదు. కానీ నా కుడిపక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. అమ్మమ్మ నా ఎడమపక్కన ఉంది.

ఎన్ని చరణాలు అందించానో తెలియదు. ఒకసారి ఆగినప్పుడు చప్పుడైంది. టంగ్. టంగ్. టంగ్. రేకు మీద దెబ్బలు. నేను ఒక చరణం అందించి ఆగితే అది మోగుతోంది, అందించకపోతే మోగడం లేదు.

అమ్మమ్మ కళ్ళు తెరవకుండానే నవ్వింది. "వీడి తాళం ఎప్పుడూ తప్పే."

అప్పుడు గుర్తొచ్చి మెట్ల వైపు చూశాను. నా లెక్క ప్రకారం మేం ఈపాటికి మునిగిపోయి ఉండాలి. పదో మెట్టు మీద తడి గీత ఉంది. నీళ్ళు దానికి జానెడు కింద ఉన్నాయి.

మధ్యాహ్నం పడవ వచ్చింది. ముందు మమ్మల్ని ఎక్కించుకుని, తరవాత చెట్టు కొమ్మల్లోంచి డెన్వర్‌ని దించారు. షెడ్డు కూలినప్పుడు ఆ చెట్టు పట్టుకుని, మానుకి చుట్టుకుపోయిన రేకుని బూటుతో కొట్టాడట. గొంతు పూర్తిగా పోయింది. నా చెవి దగ్గరికి వంగి గాలిలాంటి మాటతో అన్నాడు. "ఈసారి ముందుకి పరిగెత్తలేదే!"

పడవలో వచ్చినవాళ్ళు అమ్మమ్మ మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఆసుపత్రి చాలా దూరం, రోడ్డు తెగిపోయింది. వెనక్కి చూస్తే మా ఇల్లు ఒక పక్కకి ఒరిగి నిలబడి ఉంది.

"తరవాత ఎలా అమ్మమ్మా?"

ఆమె ఆ మాస్కుని కాస్త పక్కకి జరిపింది.

"ఆ చరణం ఇంకా అందించలేదుగా" అంది.