మడమలు రుద్దే రాయి

చిల్లులున్న రాయి ఒకటి తెమ్మని రాంచందర్ సారు చెప్పగానే నిరోషకు పెరట్లోని నల్లరాయి గుర్తొచ్చింది. స్నానాల బండ పక్క గోడ గూట్లో ఉంటుంది. వాళ్లమ్మ వసంతలక్ష్మి దానితోనే మడమలు రుద్దుకునేది.

దసరా ముందు వసంతలక్ష్మి పోయింది. నిరోష కంటతడి పెట్టలేదు. చుట్టాలు నోళ్లు నొక్కుకున్నారు. ఏడుపు రాకపోతే పిల్ల మాత్రం ఏం చేస్తుంది? లోపలంతా మొద్దుబారిపోయింది, అంతే. తండ్రి భిక్షపతి తీరు మరోరకం. ఇన్నేళ్లూ పెరట్లో బండ మీద స్నానం చేసే మనిషి, ఇప్పుడు చలిలో వాకిట్లో నల్లా కింద కూర్చుంటున్నాడు. అడిగితే, "గీడనే మంచిగున్నది బిడ్డా" అంటాడు. వాడకట్టంతా నవ్వింది.

క్లాసులో సారు రాయిని చేతిలోకి తీసుకున్నాడు. "గిది అగ్నిపర్వతం రాయే. లావా గడ్డకట్టేటప్పుడు గ్యాసు బుడగలు చిక్కుకపోతయి. గ్యాసు పోయినా గా జాగా గట్లనే ఉంటది. తర్వాత ఏదో ఒకటి వచ్చి దాంట్ల చేరుతది." చిల్లుల్లోకి చూశాడు. "గీ పసుప్పచ్చది ఏందమ్మా?"

"పసుపే సార్. మా అమ్మ కాళ్లకు పెట్టుకునేది."

అమ్మ లేదన్న సంగతి ఆయనకు తెలుసు. "వద్దులే, వేరే రాయి తీస్కో," అన్నాడు మెల్లగా.

"ఏం గాదు సార్."

లావా ఎటు పారిందో తెలియడానికి చిల్లులు ఎటు సాగాయో చూడాలి; అందుకు అవి శుభ్రంగా ఉండాలి. నిరోష నీళ్లలో ముంచి, పాత బ్రష్షుతో ఒక్కో చిల్లూ తోమింది. బుడగలొచ్చాయి. నీళ్లు పచ్చబడ్డాయి. వాటిని తనే పారబోసింది. ఏమీ అనిపించలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భిక్షపతి మగ్గం దిగి పెరట్లో వెతుకుతున్నాడు. "గూట్ల రాయి కనవడ్తలేదు బిడ్డా."

బ్యాగులోంచి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో తడిమాడు. "కడిగినవా?"

"క్లాసు కోసం కడిగిన బాపు."

"మంచిది," అని గూట్లో పెట్టేశాడు. అన్నం సగంలోనే లేచాడు.

తెల్లారి వాకిట్లో బకెట్ లేదు. పెరట్లో నీళ్ల చప్పుడు. నిరోష వెళ్లి చూసింది. తండ్రి బండ మీద కూర్చుని చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకుంటున్నాడు. నీళ్లు చింది గూట్లోని రాయి తడుస్తోంది. ఇన్నాళ్లూ ఆ రాయి తడవొద్దనే ఆయన చలిలో వణికాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఇగ గీడనే చేస్త బిడ్డా," అన్నాడు, వెనక్కి తిరగకుండా.

నిరోష గడప మీద కూలబడి ఏడ్చింది.