అద్దం నాకే చేప

"దానికి వేరే ఏం పెట్టకు, అద్దానికున్న పాచి నాకి బతుకుతది" అని మా ఆయన నాగరాజ్ చెప్పి రెండేళ్లయింది. వాస్తు కోసమని హాల్లో ఈశాన్యం మూల చేపల తొట్టి పెట్టించాడు. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు, అద్దం శుభ్రం చేయడానికని ఒక నల్లటి సక్కర్ చేప. గోల్డ్‌ఫిష్‌లకు పొద్దున, సాయంత్రం గింజలు వేసేదీ, వారానికోసారి బకెట్లతో నీళ్లు మార్చేదీ నేనే. సక్కర్‌కి మాత్రం ఎప్పుడూ ఏమీ వేయలేదు. ఆయన వద్దన్నాడని కాదు, నాకూ అదే సబబనిపించింది. అద్దం తళతళలాడుతుంటే ఈ చేప ఎంత పనిమంతురాలో అనుకునేదాన్ని.

పోయిన నెల గోల్డ్‌ఫిష్‌ల తోకలు చీకిపోతుంటే ఆయన ఫోన్‌లో ఏదో వీడియో చూసి రెండు పిడికిళ్ల దొడ్డుప్పు తొట్టిలో పోశాడు. అవి కోలుకున్నాయి. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ సంగతి చెప్పుకున్నాడు. మూడో రోజు బయటినుంచి అద్దం తుడుస్తుంటే సక్కర్ పొట్ట నా కళ్ల ముందుకొచ్చింది. అద్దానికి కరుచుకుని ఉంటుంది కాబట్టి తుడిచేవాళ్లకే దాని పొట్ట కనబడుతుంది. నిండుగా ఉండాల్సింది గుంటపడిపోయింది. నల్లటి ఒళ్లు పాలిపోయి తెల్లటి మచ్చలు తేలాయి. పట్టు నిలవక కిందికి జారి, మళ్లీ పైకెళ్లి గాలి మింగుతోంది. "సక్కర్‌కు పాణం బాగలేదు" అన్నాను. "నీకు అన్నీ రోగాలే కనబడ్తయ్" అన్నాడు, ట్రాక్టర్ కంపెనీలో షిఫ్టుకి బూట్లు వేసుకుంటూ.

ఆ మాట నాకు కొత్త కాదు. మూడు నెలల కింద దవాఖానలో డాక్టరమ్మ నా రక్తం ఆరు గ్రాములకి పడిపోయిందనీ, ఎక్కించాలనీ, వచ్చి చేరమనీ రాసిచ్చినప్పుడూ అదే అన్నాడు. "వచ్చే నెల చూద్దాం" అని కూడా అన్నాడు. "ఆడోళ్లకు రక్తం జర తక్కువనే ఉంటది, బీట్‌రూట్ తిను" అంది మా అత్తమ్మ. ఆ కాగితం వంటింటి అరలో పేపరు కింద పెట్టాను. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుంటున్నాను. పట్టుకుని నిలబడ్డ ఆ కాసేపట్లోనే పొయ్యి మీద పప్పు పొంగుతుంది, మాట పడతాను.

సక్కర్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకుని బస్టాండ్ వెనక చేపలమ్మే మహాదేవప్ప దగ్గరికి వెళ్లాను. "ఉప్పేసిన్రా అక్కా?" అన్నాడు ఫొటో పెద్దది చేసి చూస్తూ. వేశారన్నాను. "గోల్డ్‌కు నడుస్తది. ఇది క్యాట్‌ఫిష్ జాతి, పొలుసులుండవ్, ఉప్పు తట్టుకోదు. దినాం పావు వంతు నీళ్లు మార్చున్రి. ఈ మందు తీస్కపోన్రి, సీసా మీద రాసున్నదాంట్ల సగమే పొయ్యున్రి. తిండి ఏం పెడ్తున్రు?"

"పాచి తింటది గద."

అతను ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అందరు గట్లనే అనుకుంటరు. అద్దం అంత సాఫ్‌గ ఉంటే ఇంక తిననీకె ఏముందక్కా దానికి? కీర ముక్క ఉడకబెట్టి వెయ్యున్రి. పొట్ట ఇంత లోపలికి పోయినంక కొన్ని కోలుకోవు. జర ముందుగాల రావాల్సింది."

షేర్ ఆటోలో అల్లం బస్తాల పక్కన ఇరుక్కుని కూర్చుంటే ఏడుపొచ్చింది. "మా శ్యామల మంచిది, ఏది మిగిలితే అది తింటది, ఇంట్ల మెతుకు పాడుగాదు" అని అత్తమ్మ వచ్చినవాళ్లకు చెప్తుంది. పదమూడేళ్లుగా ఆ మాటకు మురిసిపోయాను. అడుగంటిన అన్నం, గిన్నెకంటిన కూర, వాళ్లంతా లేచాక. నాకు వాళ్లు చేసింది చాలక, నోరులేని దానికి నేనూ అదే చేశాను.

నీళ్లు మార్చి, మందు పోసి, కీర ముక్క ఉడికించి, తేలకుండా స్టీలు చెంచాకు కట్టి వేసి, వెలుతురు పడకుండా తొట్టి మీద పాత టవల్ కప్పాను. "మనుషులు తినే చెంచా అది" అంది అత్తమ్మ. మూడో రోజు ముక్కకు ఒక పక్క గీకినట్టు పళ్ల గుర్తులు కనబడ్డాయి. ఆ పూటంతా నాకు ఒంట్లో బాగున్నట్టే అనిపించింది. ఐదో రోజు పొద్దున రాళ్ల మీద వెల్లకిలా పడి ఉంది. కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టాను.

"సచ్చిందా? ఇంకోటి తెచ్చెయ్. లేకుంటే అద్దం ఎవరు సాఫ్ చేస్తరు" అన్నాడు సాయంత్రం, చాయ్ తాగుతూ. కోపంగా అనలేదు. పాల ప్యాకెట్ తెమ్మన్నట్టే అన్నాడు. నాకు భయం వేసింది.

మర్నాడు ఆయన షిఫ్టుకి వెళ్లాక వంట చేసి, కుక్కర్ మూత తీసి, పైన ఉన్న పొగలుగక్కే అన్నం పళ్లెంలో వేసుకున్నాను. పప్పు, నెయ్యి, ఆయన కోసం దాచిన గోంగూర పచ్చడి. వంటింట్లో చాప వేసుకుని కూర్చుని తిన్నాను. కాగితం తీసుకున్నాను. "యాడికి?" అంది అత్తమ్మ. "సక్కర్ తేనీకె" అన్నాను.

"మూడు నెల్లు ఏంజేసినవమ్మా?" అంది దవాఖానలో డాక్టరమ్మ. రక్తం ఐదుకన్నా తగ్గింది. గుండె కూడా కొంచెం ఉబ్బినట్టుందనీ, పరీక్షలయ్యేదాకా ఏమీ చెప్పలేననీ అంది. "వెంట ఎవరొచ్చిన్రు?" అంటే ఎవరూ రాలేదన్నాను. మహాదేవప్ప చెప్పిన ఆ కోలుకోని వాటిలో నేనూ ఉన్నానేమో.

చేతికి సూది గుచ్చాక ఫోన్ మోగింది. "సక్కర్ దొరికిందా?" అన్నాడు ఆయన.

"తీస్కరాలే. దవాఖానల చేరిన. రక్తం ఎక్కిస్తున్నరు."

"మరి ఇంట్ల అమ్మకు, నాకు తిండి?"

"నేను ముందుగాల తినొచ్చిన" అన్నాను. "మిగిలింది గిన్నెల ఉన్నది, తినున్రి."